అల్లుడి ఫ్రెంచి సెలవు

నా తెలివితక్కువతనానికి సాక్షులు కావాలంటే పాతపట్నం వెళ్ళండి. ఆనాటివాళ్ళెవరైనా మిగిలుంటే, టీ ఇప్పించి మరీ చెబుతారు. ఆలోగా నేనే చెప్పుకుంటే కాస్తయినా పరువు దక్కుతుందని ఈ ప్రయత్నం. ఒక్క అల్లుడు కాలు కదిపినందుకు వీధి వీధంతా ఎలా కదిలిందో చిత్తగించండి.

అరవై ఎనిమిది ప్రాంతం. శృంగవరపుకోటలో ఇంగ్లీషు మాస్టరుగా కొత్తగా చేరాను. పెళ్ళి కూడా కొత్తే. రెండు కొత్తలు ఒకేసారి నెత్తికెక్కితే మనిషి నేలమీద నడవడు. ఆషాఢానికి ముందు మా ఆవిడ సత్యవతిని పుట్టింట్లో దిగబెట్టడానికి పాతపట్నం వెళ్ళాను.

భోజనాల దగ్గర మావగారు అడిగారు. "బాబూ, ఇప్పుడు పిల్లలకి ఏటి సెప్తన్నావు?"

"పారిపోవడం."

ఆయన చేతిలో ముద్ద ఆగిపోయింది.

"అంటే, పారిపోవడానికి ఇంగ్లీషువాళ్ళు వాడే జాతీయాలు, వాటి చరిత్ర!" అని అందుకున్నాను. పారిపోయేవాడిలో వెనకున్నవాడికి కనబడేవి మడమలే గనక ‘మడమలు చూపించడం’ అంటారన్నాను. లంగరు లాగే తీరిక లేని ఓడలవాళ్ళు తాడు నరికేసి ఉడాయించేవారు గనక ‘కట్ అండ్ రన్’ వచ్చిందన్నాను.

"బంగారంనాంటి తాడు నరికీసినారా!" అని మావగారు నొచ్చుకున్నారు. రైతు కదా!

ఆఖరున ఫ్రెంచి సెలవు. విందుకొచ్చిన ఫ్రెంచివాళ్ళు ఇంటివాళ్ళకి చెప్పకుండానే వెళ్ళిపోయేవారట. అదే అక్కడి మర్యాదట.

"ఆకులు తియ్యకముందా, తీసినాకా?" అంది సత్యవతి నాయనమ్మ. పుస్తకాల్లో దీనికి సమాధానం లేదు.

ఆదివారం మధ్యాహ్నం బస్సెక్కితే గాని సోమవారం బడికి అందుకోను. కానీ ఆ ఊళ్ళో సెలవు తీసుకోవడమంటే మాటలా! మావగారి తమ్ముళ్ళు ఆరుగురు. ప్రతి ఇంటా కూర్చోవాలి, తినాలి, లేచి ‘వెళ్ళొస్తాను’ అనాలి, ‘అప్పుడేనా’ అనిపించుకోవాలి, మళ్ళీ కూర్చోవాలి. నాకు ఫ్రెంచివాడు గుర్తొచ్చాడు. ఇల్లంతా కునుకు తీస్తుంటే సంచీ చంకన పెట్టి, చెప్పులు చేత పట్టి, పిల్లిలా బయటపడ్డాను. సత్యవతికీ చెప్పలేదు. చెబితే అది సిసలైన ఫ్రెంచి సెలవు కాదు కదండీ!

బస్సు రాలేదు. మావగారు వచ్చారు. వెనక ఆరుగురు తమ్ముళ్ళు, వాళ్ళ వెనక ఆడవాళ్ళు. ఊరేగింపుకి దేవుడొక్కడే తక్కువ. ఆ లోటు నేను తీర్చాను.

కొత్త అల్లుడు చెప్పకుండా వెళ్ళిపోతే మనవైపు ఒకటే అర్థం. అలిగాడని. అలిగినవాడికి ఏదో ఒకటిచ్చి అలక తీర్చాలి.

"ఏటి తక్కువైనాది బాబూ? గడియారమా? సైకిలా?"

"ఏమీ వద్దు మావా!"

"ఏటీ వద్దంటన్నాడంటే గట్టి అలకే," అన్నాడు ఒక చినమావ. "గేదెనిచ్చీ అన్నా!"

"పులుసులో ఉప్పెక్కువైనాదని నానప్పుడే సెప్పినాను," అంది నాయనమ్మ.

"అలక కాదు మావా, ఫ్రెంచి సెలవు!" అని అరిచాను.

"ఆ ఫ్రెంచోడికి అత్తోరు నేరేమో. నీకున్నాం కదేటి!" అన్నారు మావగారు.

అందరి వెనకా నిలబడిన సత్యవతి ముందుకొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నన్నొగ్గీసి ఎలిపోనారని ఈది ఈదంతా అనీసినాది. నాకొక్కదానికైనా సెప్పకపోనారా?" అంది మెల్లగా.

నాకు తెలిసిన జాతీయాలన్నీ ఆ క్షణాన నన్ను వదిలి పారిపోయాయి.

వెనక్కి నడిచాను. ఆరిళ్ళలోనూ తిన్నాను. బుధవారానికి గాని బడి ముఖం చూడలేదు. బయల్దేరేముందు సత్యవతి నాచేత మూడుసార్లు ‘వెళ్ళొస్తాను’ అనిపించుకుంది. మూడోసారికి నవ్వింది.

కానీ ఊరు ఊరుకుంటుందా! పాతపట్నంలో ఎవరు చెప్పకుండా జారుకున్నా ‘కోట సెలవు’ అనడం మొదలెట్టారు. మేక తాడు తెంపుకున్నా కోట సెలవే. నావల్ల మా శృంగవరపుకోట పేరు మేకల పాలైంది.

మరుసటేడు సత్యవతినీ పసిపాపనీ దిగబెట్టడానికి మావగారు మా ఊరొచ్చారు. అయిదోనాడు చూస్తే మనిషి లేడు, సంచీ లేదు. బస్టాండుకు పరిగెత్తాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని తుండుతో కళ్ళద్దుకుంటున్నారు.

"ఇదేమిటి మావా, చెప్పకుండా?"

"సెప్తే అది ఏడుస్తాది బాబూ. దానేడుపు నాను సూడనేను."

బస్సు కదిలేదాకా కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాను. ఇకమీదట వీధి చివర కిళ్ళీకొట్టుకైనా సరే, సత్యవతికి చెప్పకుండా గడప దాటనని ఆ బస్సు చక్రాల సాక్షిగా ప్రమాణం చేశాను.

ఆ తర్వాత తిన్నగా బడికి వెళ్ళి మిగిలిన చరిత్ర చెప్పాను. ఇంగ్లీషువాళ్ళు ఫ్రెంచి సెలవన్నదాన్నే ఫ్రెంచివాళ్ళు ఇంగ్లీషు సెలవంటారు, తప్పెప్పుడూ పక్క ఊరివాడిదే. ఉదాహరణ కోసం బోర్డుమీద పెద్దక్షరాలతో ‘పాతపట్నం సెలవు’ అని రాశాను. పిల్లలు ఇళ్ళకి మోసుకెళ్ళారు. వారం తిరక్కుండా కోటంతా అదే మాట.