ముట్టుకోవద్దని చెప్పింది నేనే

నాలుగేళ్లుగా ఒక మాట నా లోపల బరువుగా పడి ఉంది. మా ఆయనకు చెప్పలేదు. దేవుడి పటం ముందు నిలబడ్డప్పుడల్లా చెబుదామనుకుంటాను, తీరా పిల్లల ఆరోగ్యం అడిగి, దీపం ఒత్తి సర్ది వచ్చేస్తాను. మీకు నేనెవరో తెలియదు, నాకు మీరెవరో తెలియదు. అందుకే మీ దగ్గర నోరు తెరవగలుగుతున్నాను. ఒక మనిషి ముఖం పాడవడానికి నేను కారణం. కారణం కావచ్చు, అనాలా? చూశారా, మొదలుపెట్టీ పెట్టకముందే తప్పించుకోవాలని చూస్తున్నాను.

పాతబస్తీ జహనుమాలో మా ఇంటి ముందు గదిలోనే నా బ్యూటీ పార్లర్. ఇరవై నాలుగేళ్లుగా నడుపుతున్నాను. నాలుగిళ్ల అవతల పుష్ప. ఇద్దరం ఒకే ఏడాది ఈ గల్లీకి కోడళ్లుగా వచ్చాం. వాళ్ల అత్తగారిది పాల వ్యాపారం, భర్తకు కంచన్‌బాగ్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగం. పుష్ప అందగత్తె. నేను కాదు. ఇందులో ఎవరి తప్పూ లేదు, నాకు తెలుసు. అయినా ఏ ఫంక్షన్‌కు పోయినా అందరూ ముందు ఆమె చెయ్యి పట్టుకుని, చీర బాగుందనీ, వయసే కనబడదనీ మురిసిపోయి, ఆ తర్వాత నా వైపు తిరిగి "నువ్వు గూడ వచ్చినవా" అంటుంటే, ఇరవై ఏళ్లు నవ్వుతూ నిలబడ్డాను. ఆ నవ్వు ఎంత కష్టమో ఎవరికి చెప్పను?

నాకున్న గొప్ప ఒక్కటే. నేను ఇంటర్ పాసయ్యాను. పుష్ప ఏడో తరగతితో ఆపేసింది. బ్యాంకు ఫారాలు, స్కూలు నుంచి వచ్చే ఇంగ్లీషు ఉత్తరాలు, మందుల చీటీలు, గల్లీలో ఎవరికి ఏది వచ్చినా నా దగ్గరికే తెచ్చేవాళ్లు. పుష్ప కూడా తెచ్చేది. ఆమె ఎదురుగా కూర్చుని, నా నోటి వైపు చూస్తూ, నేను చదివేదాకా ఆగేది. ఆ కాసేపు నాకు ఎంత సుఖంగా ఉండేదో!

నలభై అయిదు దాటాక పుష్ప బుగ్గలు లోపలికి పోవడం మొదలైంది. కళ్ల కింద గుంటలు, నోటి పక్కన గీతలు. నెలనెలా ఫేషియల్ చేసేది నేనే కదా, అందరికంటే ముందు నా వేళ్లకే తెలిసింది. నిజం చెప్పేస్తాను. సంతోషించాను. క్రీము రాస్తూ, "ఏం కాలేదే, గట్లనే ఉన్నవ్" అంటూనే, ఇప్పుడు ఇద్దరం ఒకటయ్యాం అనుకున్నాను. స్నేహితురాలి ముసలితనం చూసి మురిసిపోయే మనిషిని ఏమంటారో మీరే చెప్పండి.

అప్పుడే పుష్ప మదీనా బజారు నుంచి చీరలు తెచ్చి ఫోన్‌లో లైవ్ పెట్టి అమ్మడం మొదలుపెట్టింది. ముందు పదిమంది చూసేవాళ్లు, తర్వాత వందలు. పుష్పకు మాట తీపి. చీర భుజం మీద వేసుకుని ఒక నవ్వు నవ్విందంటే చూసేవాళ్లు ఫోన్ కింద పెట్టలేరు. నేనూ రోజూ చూసేదాన్ని, కళ్లల్లో నిప్పులు పోసుకుని. ఒక మధ్యాహ్నం కస్టమర్‌కు కనుబొమలు చేస్తూ, పక్కన ఫోన్ ఆన్ చేసి పెట్టాను. లైవ్‌లో ఎవరో అడిగారు, అక్కా, ముఖం అలిసిపోయినట్టుంది, ఏమైనా చేయించుకోరాదా అని. పుష్ప పకపకా నవ్వింది.

"ఇరవై ఏండ్ల సంది ఫేషియల్ చేయించుకుంటున్ననమ్మా, ఏం ఫాయిదా లేదు. ఇగ డాక్టర్ తానకే పోత."

పళ్ల మధ్య పట్టుకున్న దారం పుటుక్కున తెగింది. కస్టమర్ కెవ్వుమంది. నా ఇరవై ఏళ్ల చేతిపనిని ఒక్క నవ్వుతో అంతమంది ముందు పక్కన పడేసింది. ఆమెకు ఆ ధ్యాసే లేదు. నేను చూస్తుంటానని తెలిస్తే అనేది కాదేమో. అది కూడా నాకు తెలుసు. కడుపుమంటకు ఆ తేడాలన్నీ ఎందుకు?

ఆ వారమే వచ్చి తోడు రమ్మంది. మూసీ అవతల ఒక పెద్ద స్కిన్ క్లినిక్. బుగ్గల్లోకి సూదితో ఒక మందు ఎక్కిస్తారు. అది ముఖాన్ని వెంటనే ఉబ్బించేది కాదు. మందు కరిగిపోతూ లోపలి చర్మాన్ని మేలుకొలుపుతుందట, రెండు మూడు నెలల్లో చర్మమే మళ్లీ కండ పట్టుకుంటుందట. అంటే నా స్నేహితురాలికి మళ్లీ తన ముఖం తనకు వస్తుంది. నాకు మాత్రం ఏది తిరిగి వస్తుంది, ఎప్పుడూ లేనిది?

ఇంజెక్షన్లు అయ్యాక పుష్ప లోపల ఐసు పెట్టుకుని పడుకుంది. డాక్టరమ్మ ఇంకో గదిలోకి వెళ్లిపోయింది. కౌంటర్ దగ్గరి అమ్మాయి ఒక ఇంగ్లీషు కాగితం నా చేతిలో పెట్టి, ఏదో చూపించబోయింది. నేను బ్యూటీషియన్‌నే, చూసుకుంటాను అన్నాను. ఆ పిల్ల హమ్మయ్య అనుకుని ఫోన్ ఎత్తింది. అక్కడే నిలబడి చదివాను. ఎండ వద్దు, ఆవిరి వద్దు, ఐసు పెట్టండి. దాని కింద లావు అక్షరాల్లో, అయిదు రోజుల పాటు, రోజుకు అయిదుసార్లు, ప్రతిసారీ అయిదు నిమిషాలు బుగ్గలు మసాజ్ చేయాలి, లేకపోతే మందు ఒకచోట చేరి గడ్డలు కట్టవచ్చు అని.

ఆటోలో పుష్ప కాగితం నా వైపు తోసి, ఏం రాసిందో చెప్పమంది. ముఖమంతా ఎర్రగా, కళ్లు మూసుకుని ఉంది. నేను చదివాను. ఎండ వద్దంట. ఆవిరి వద్దంట. ఐసు పెట్టుకోవాలంట. అక్కడ ఆగాను. ఎంతసేపు ఆగానో చెప్పలేను, ఆటో ఒక గుంతలో పడి లేచేంత సేపేమో. ఆ తర్వాత నా నోరే అంది, "అయిదు దినాలు ముఖం అసలు ముట్టుకోవద్దంట."

ముందుగా అనుకుని అన్నానా? నన్ను నేనే ఎన్నిసార్లు అడిగానో. పథకం వేయలేదు. కానీ నోరు జారిన మాటైతే ఆ సాయంత్రమే దిద్దుకునేదాన్ని కదా? నాకు అయిదు రోజులు గడువు ఉంది. రోజూ పోయి చూసి వచ్చాను. పుష్ప దిండుకు బుగ్గ తగలకుండా వెల్లకిలా పడుకుంది. స్నానం చేసి తుడుచుకోవడానికి కూడా భయపడింది. మూడో రోజు, బుగ్గలు బిగుసుకున్నట్టు ఉన్నాయి, కొంచెం రుద్దుకోనా అని అడిగింది. ఇరవై ఏళ్లుగా ముఖాలు రుద్దే చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని, వద్దు అన్నాను. ఆ "వద్దు" నోరు జారింది కాదు.

రెండు నెలలకు గడ్డలు కనబడ్డాయి. కుడి బుగ్గ మీద రెండు, ఎడమ కంటి కింద ఒకటి. బఠానీ గింజంత. వెలుగు పక్క నుంచి పడితే తెలిసిపోతాయి. లైవ్‌లో ఎవరో రాశారు, అక్కా ఏమైంది ముఖానికి అని. మళ్లీ క్లినిక్‌కు ఇద్దరమే పోయాం. డాక్టరమ్మ వేళ్లతో ఒత్తి చూసి, మసాజ్ చేసుకున్నారా అని అడిగింది.

పుష్ప నా వైపు తిరిగింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను అప్పటికే బ్యాగు జిప్పు తీసి పెడుతున్నాను. ఆమె చూపు నా మీద ఒక్క క్షణమే ఆగింది.

"యాదిమర్చిన మేడమ్," అంది. "నాదే తప్పు."

బయట వరండాలో నా భుజం మీద చెయ్యి వేసింది. కొట్టినా బాగుండేది.

"నువ్వేం ఫికర్ జేయకే. డాక్టర్ల ఇంగ్లీషు మనకేం సమజైతది? మన ఇంటర్ ఏడ, గదేడ. నిన్ను సదువుమన్నదే నా తప్పు."

"పుష్పా, నేను…"

"ఊకో. ఎవ్వరికి చెప్ప. నీకు సదువు రాదంటరని బాధ పడుతవని నాకు తెల్వదా?"

ఊరుకున్నాను. తెలియనిదాన్ని అనిపించుకోవడం, పాపిష్టిదాన్ని అనిపించుకోవడం కంటే సులువనిపించింది. ఆమె ఇచ్చిన అబద్ధాన్ని చీర కొంగులా కప్పుకుని ఇంటికి వచ్చాను.

డాక్టరమ్మ తర్వాత కూడా ఏవో సూదులు వేసింది. ఒక గడ్డ అణిగింది, రెండు ఉండిపోయాయి. మసాజ్ చేసినా కొందరికి రావచ్చు అని కూడా ఆమె అంది. ఆ ఒక్క మాట పట్టుకుని ఎన్ని రోజులు బతికానో మీరు నమ్మరు. వచ్చేవేమో. రాకపోయేవేమో. గడ్డల సంగతి నాకు తెలియదు; నేను కోరుకున్నదేమిటో మాత్రం తెలుసు.

పుష్ప ఇప్పుడు లైవ్‌లో ముఖం చూపించదు. ఫోన్ కిందికి వంచి పెడుతుంది. చీరలు, గాజులేసుకున్న రెండు చేతులు, గొంతు, అంతే. ఎక్కడికైనా పోవాలంటే మాత్రం నా కుర్చీలో కూర్చుంటుంది. ఆ గడ్డల మీద రంగు కలిపి, అద్ది, వెలుగులో తిప్పి చూసి పంపిస్తాను. "నీ చెయ్యి లేకపోతే నేను గడప దాటనే" అంటుంది. ఇరవై ఏళ్లు వినాలనుకున్న మాట అది. ఇలా విన్నాను.

మారిపోయానని మాత్రం అనుకోకండి. మొన్న ఎవరో లైవ్‌లో, అక్కా, నీ గొంతు వింటే చాలు అని రాస్తే, నా కడుపు మళ్లీ భగ్గుమంది. ముఖం లేకపోయినా ఆమెనే చూస్తున్నారు. ఇదీ నేను. దీనికి ఏ మందు ఎక్కిస్తారో తెలియదు.

ఇప్పుడు గల్లీలో ఎవరూ నా దగ్గరికి కాగితాలు తేవడం లేదు. పుష్ప ఎవరికీ ఏమీ చెప్పలేదు. తేకుండా చేసుకున్నది నేనే. ఎవరైనా ఏదైనా చాపితే, నాకు ఇంగ్లీషు సరిగ్గా రాదమ్మా అంటాను. పుష్ప పక్కన ఉంటే మరీ గట్టిగా అంటాను. ఆమె జాలిగా, నన్ను కాపాడుతున్నట్టు, ఆ కాగితం తీసుకుని వాళ్ల కోడలికి ఇస్తుంది. పుష్పకు చెబితే? క్షమిస్తుందని భయం. క్షమించదని కూడా భయం. ఆమెకు చెప్పే ధైర్యం నాకు ఈ రోజుకూ లేదు, రేపు వస్తుందని మాట ఇవ్వను. మీకు చెబుతున్నాను. నాకు చదవడం వచ్చు. ఆ రోజు కౌంటర్ దగ్గర నిలబడి ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాను. రెండుసార్లూ అర్థమైంది.