ఏమీ ఇవ్వలేదని అవ్వ వేసిన వేలిముద్ర

మా అన్న కారుకు ఇన్సూరెన్స్ ఉందన్న సంగతి నాకు అన్న భూస్థాపన దగ్గరే గుర్తొచ్చింది. పెట్టె దించుతున్నారు. పాస్టరయ్య వాక్యం చదువుతున్నాడు. నేను మాత్రం పాలసీ కాగితం బీరువాలో ఉందా, కారులోనే ఉండిపోయిందా అని ఆలోచిస్తున్నాను. సిగ్గనిపించింది. అయినా ఆలోచించడం మానలేదు.

అన్నకు చదువబ్బలేదు. నారాయణఖేడ్ మార్కెట్లో ధాన్యం దుకాణంలో పనిచేసేవాడు. ఆ కారు పాతదే, అయినా దాన్ని చూసుకున్నట్టు తనను తాను ఎప్పుడూ చూసుకోలేదు. వదినకు సంతకం వరకే వచ్చు. ఇద్దరు ఆడపిల్లలు. వదిన తమ్ముళ్లు సిర్గాపూర్ వైపు నుంచి హైదరాబాదుకు వలస పోయి మేస్త్రీల కింద పనిచేస్తున్నారు. దినాలు కూడా కాకముందే వాళ్లు మాట తీశారు.

"గీడుండి ఏం జేస్తవక్కా? మాతోని రా. కూలీల అడ్డా మీద నిలబడితే రోజూ పని దొరుకుతది. పోరగాండ్లను హాస్టల్ల ఏద్దాం."

వదిన నా వైపు చూసింది. ఇంట్లో బడిపంతులు ఉద్యోగం ఉన్నవాణ్ని, కాగితాలు చదవగలవాణ్ని నేనొక్కణ్నే. పెళ్లికి ముందు నేర్చుకున్న కుట్టుపని ఆమె చేతిలో ఇంకా ఉంది. క్లెయిమ్ వస్తే రెండు మిషన్లు కొని, ఇంటి ముందు గదిలోనే దుకాణం పెట్టుకుని, పిల్లలతో ఇక్కడే ఉంటుంది. రాకపోతే అడ్డా మీద నిలబడుతుంది. నేను తిరిగిందంతా దీనికోసమే.

ప్రమాదం ఇలా జరిగింది. నాగల్‌గిద్ద అవతల, కర్ణాటక పొలిమేరను ఆనుకుని ఒక చిన్న ఊరుంది. మా నాయనమ్మకు చెల్లెలి వరసయ్యే ముసలామె అక్కడ ఉండేది. మేమంతా అవ్వ అనేవాళ్లం. ఖేడ్‌లో చర్చి సభలు జరుగుతుంటే అవ్వనూ, ఇంకో ముగ్గురు ఆడవాళ్లనూ తీసుకురావడానికి అన్న ఆ సాయంత్రం వెళ్లాడు. వచ్చేటప్పుడు వెనక లైట్లు లేని ట్రాక్టర్ ఒకటి ముందుంది. దాన్ని తప్పించబోయి కారు రోడ్డు కింది కాలువ మోరీ గోడకు గుద్దుకుంది. అన్న అక్కడికక్కడే పోయాడు. వెనక కూర్చున్న ఆడవాళ్లు బతికారు. ముందు సీట్లో ఉన్న అవ్వకు కుడి చెయ్యి విరిగింది.

కారును పోలీస్ స్టేషన్ ఆవరణలో పెట్టారు. కంపెనీ పంపిన సర్వేయర్ వచ్చేలోపు ఒక వడగండ్ల వాన కురిసింది. అద్దాలు లేని కారు. ఆయన డిక్కీ తెరిస్తే లోపల సంచీ చినిగి కందులు పరుచుకుని ఉన్నాయి. నీళ్లు నిలిచిన చోట మొలకలొచ్చాయి.

"ఇవెవరివి సార్?" అన్నాడు.

"ఎక్కినవాళ్లు పెట్టినవి," అన్నాను. ఆ మాట ఎక్కడికి దారితీస్తుందో అప్పుడు నాకు తోచలేదు.

మా వైపు ఒక పద్ధతి ఉంది. ఎవరి బండైనా ఎక్కితే ఉత్త చేతులతో ఎక్కరు. ఇంట్లో ఉన్నది ఏదో, కందులో జొన్నలో, చిన్న సంచిలో పోసి బండిలో పెడతారు. అది కిరాయి కాదు. తూచరు, అడగరు. వద్దంటే మాత్రం నొచ్చుకుంటారు. అన్న వద్దనేవాడు కాదు.

కొన్ని వారాల తర్వాత కంపెనీ తరఫున విచారణకు ఇంకొకాయన వచ్చాడు. సొంత వాడకానికని ఇన్సూరెన్స్ చేసిన కారును కిరాయికి తిప్పితే క్లెయిమ్ ఇవ్వరు. అది తేల్చడం ఆయన పని. మర్యాదస్తుడు. అవ్వ ఊరికి వెళ్లి, ఆమె పెట్టిన మజ్జిగ తాగి, అడిగాడట.

"కారెక్కినందుకు ఏమన్న ఇచ్చినవా అవ్వా?"

"ఇయ్యకుంట ఎట్లెక్కుతం బిడ్డా? ఇచ్చినం."

ఆయన రాసుకున్నాడు. క్లెయిమ్ ఆగిపోయింది.

ఇన్సూరెన్స్ ఆఫీసు వరండాలో నిలబడి నేను ఫోన్‌లో ఆయన్ను బతిమాలాను. ఆమె అన్నదానికి అర్థం అది కాదన్నాను. "అయితే ఆమెనే చెప్పమనండి సార్, ఇంకోసారి వస్త," అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు. మా పద్ధతి ఆయనకు వివరించి చెప్పే అవకాశం అప్పుడుంది. నేను చెప్పలేదు. కందులంటే మళ్లీ "ఇచ్చారు" అనే రాసుకుంటాడని భయపడ్డాను. ఏమీ ఇవ్వలేదనడమే గట్టి మాట అనుకున్నాను.

మరునాడు బస్సులో అవ్వ దగ్గరికి వెళ్లాను. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. నేను విషయమంతా చెప్పాను. ఆ ఊళ్లో సగం మాటలు కన్నడమే.

"హౌదా?" అంది. "అంటే, నేను ఏం ఇయ్యకుంట ఫుకట్ల ఎక్కిననని చెప్పాల్నా?"

"అవునవ్వా."

"నా ఎనుక కూసున్నోళ్లు గుడ?"

"అందరూ."

"మా ఇంట్ల ఎవ్వలు ఎవ్వల బండి ఫుకట్ల ఎక్కలే కొడుకా. మీ తాత ఎడ్లబండి ఎక్కినా ఇంత జొన్నలు పెట్టి దిగిన." తర్వాత నా ముఖం చూడకుండా అంది: "వాడు సచ్చె, నేను బతికితి. వానికి నా చేత్తోని ఇచ్చిందంటే గా సంచొక్కటే. గది గుడ ఇయ్యలేదంటవా?"

నేను చదువుకున్నవాణ్ని. ఆ మాటకు తల వంచుకుని లేచి రావలసింది. నేను లేవలేదు. వదిన తమ్ముళ్ల గురించి చెప్పాను. అడ్డా గురించి చెప్పాను. పిల్లలు హాస్టల్‌కు పోతారని చెప్పాను. అవన్నీ నిజాలే. వాటిని ఒకదాని తర్వాత ఒకటి ఆమె ముందు పెట్టాను. ఆమె కాదనలేని చోటు ఎక్కడుందో నాకు తెలుసు.

"సరే తియ్యి," అంది చివరికి. "ముసలిదాన్ని, నా ఇజ్జతుకేమొచ్చె. పిల్లలు ఆగం కావద్దు."

విచారణ మనిషి వచ్చిన రోజు గ్రామపంచాయతీ గది ముందు కూర్చున్నారు. ఊళ్లో పనిలేని మగవాళ్లంతా చుట్టూ చేరారు. నేను ఇది ఊహించలేదు. అవ్వ ఇంట్లోనే మాట్లాడతారనుకున్నాను.

"ముందుగాల ఇచ్చినమన్నవు గదవ్వా, ఇప్పుడు లేదంటవేంది?" అని అడిగాడు ఆయన.

ఈ ప్రశ్నకు ఏం చెప్పాలో నేను ఆమెకు నేర్పలేదు.

"శరమనిపించి అట్ల చెప్పిన బిడ్డా," అంది అవ్వ. "ఏం ఇయ్యలే. ఫుకట్లనే ఎక్కినం."

వెనక నుంచి ఒకతను నవ్వాడు. "ఏందమ్మో, గింత పెద్ద మాటలు మాట్లాడుతుంటివి! ఫుకట్ సవారీయా?" ఇంకొందరు నవ్వారు. అవ్వ అటు తిరగలేదు. రాసినది చదివి వినిపించారు. కుడి చెయ్యి కట్టులో ఉంది కనక ఎడమ బొటనవేలు ముద్ర వేసింది. వేలికి అంటిన సిరాను చీర కొంగుకు తుడుచుకోలేదు. అలాగే పట్టుకుని ఇంటికి నడిచింది. నేను వెంట వెళ్లలేదు. ఆయన కారులో ఖేడ్ దాకా రమ్మంటే ఎక్కేశాను. దారిలో అన్న కారు గుద్దుకున్న మోరీ వచ్చింది.

క్లెయిమ్ మంజూరైందని ఫోన్ వచ్చినప్పుడు నేను బడిలో ఉన్నాను. విని నవ్వాను. అన్న పోయాక నేను నవ్వడం అదే మొదలు. తోటి ఉర్దూ సారు చూసి, "ఏమైంది సాబ్, ఖుషీ ఖబరా?" అన్నాడు. అవునన్నాను. ఆయన చెయ్యి కలిపాడు.

వదినకు చెబితే ఆమె ఒకటే అడిగింది. "అయితే పట్నం పోవుడు లేదు గద తమ్మీ?"

"లేదు వదినా."

ఆమె లోపలికి వెళ్లి పిల్లల సంచులు విప్పింది. అప్పటికే సర్ది పెట్టి ఉన్నాయని నాకు తెలియదు.

మిషన్లు వచ్చాయి. పిల్లలు ఇక్కడే చదివారు. వదినకు అవ్వ సంగతి నేను చెప్పలేదు. ఎవరో చెప్పారు. ఆమె ఒక చీరకు జాకెట్టు కుట్టి, రెండూ పట్టుకుని ఒక్కతే ఆ ఊరికి వెళ్లి వచ్చింది. అవ్వ తీసుకుందట. ఇంకేం మాట్లాడుకున్నారో వదిన చెప్పలేదు, నేను అడగలేదు.

ఆ తర్వాత అవ్వను ఖేడ్ బస్టాండులో ఒకసారి చూశాను. చెయ్యి వంకరగా అతుక్కుంది. దవాఖానకు వచ్చి పోతోంది. నేను బస్సెక్కి ఆమె టికెట్టుకు పైసలు ఇవ్వబోయాను.

"వద్దు కొడుకా," అని కండక్టర్ చేతిలో తన పైసలు పెట్టింది. పక్కనున్నామెతో అంది: "వీని పైసలతోని పోతే, మళ్ల ఎవడన్నొచ్చి ఏమిచ్చినవే ముసలీ అని అడుగుతడు."

ఇద్దరూ నవ్వారు. అవ్వ నిజంగానే నవ్వింది, నన్ను కూడా నవ్వమన్నట్టు చూసింది. నేను దిగి, బస్సు కదిలేదాకా కింద నిలబడ్డాను.

కందుల సంగతి ఉన్నది ఉన్నట్టు చెప్పి ఉంటే ఆయన ఒప్పుకునేవాడేమో. తెలియదు. కాకపోతే ఇంకొకటి తెలుసు. చర్చిలో పాపాలు ఒప్పుకునే ప్రార్థన దగ్గర అందరితో పాటు నేనూ తల వంచుతాను, అవ్వ గుర్తొస్తుంది. వెంటనే వదిన విప్పిన సంచులు గుర్తొస్తాయి. మళ్లీ ఆ రోజే వస్తే మళ్లీ ఆ బస్సెక్కి, ఆ అరుగు ముందు కూర్చుని, అదే అడుగుతాను. అందుకే ఆ ప్రార్థనలో ఆ ఒక్కదాని గురించి నేను ఏమీ అనను.