బోర్డు మీద నర్సప్ప అధ్యక్షుడు

సిద్ధరాములు మాస్తరు గురించి మంచిగా చెప్పమంటే చెబుతాను గానీ, చెవి మెలిపెట్టే ఆ చెయ్యిని మాత్రం మరిచిపోను. లెక్క తప్పిందా, నా చెవి కందిపోవాల్సిందే. అయినా ఈ మరాఠీ ఊళ్లో, మా భవాని పేట్‌లో మా నేతవాళ్ల పిల్లలకు తెలుగులో నాలుగు ముక్కలు వచ్చాయంటే ఆయన చలవే. పొద్దున తన మగ్గం, మధ్యాహ్నం మా బడి. నూలు పోగులు అంటుకున్న చొక్కాతోనే పాఠం చెప్పేవాడు.

అది పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిదో సంవత్సరం. మా కులసంఘం అధ్యక్షుడు నర్సప్ప సేఠ్ పోయి ఏడాది నిండింది. బడి పెట్టించింది ఆయనే. "మా బాపు ఫొటో బడిలో పెడతాను, పిల్లలకు ఆయన గురించి పాఠం చెప్పి ఉంచండి" అని కొడుకు అంబాదాస్ సేఠ్ కబురు పంపాడు. మాస్తరు నౌకరీ ఇప్పుడు ఆ కొడుకు చేతిలోనే ఉంది.

"నర్సప్ప సేఠ్ ఏం చేసిండో మీరే చెప్పుండ్రి" అన్నాడు మాస్తరు.

"నల్లా తెచ్చిండు!" "బడి కట్టిచ్చిండు!" అని పిల్లలు అరిచారు. నిజమే. ఆయన మునిసిపాలిటీ వెంటపడి నల్లా తెచ్చేదాకా మా అమ్మ నీళ్లకోసం ఎంత దూరం నడిచేదో! మాస్తరు అన్నీ బోర్డు మీద రాశాడు.

"నువ్వేంది పుష్పా, మూతి ముడుసుకున్నవ్?"

నాకు ఒళ్లు మండింది. "మా నాయిన పడుగుకు ఎవ్వల్ని రానియ్యలే" అనేశాను.

పిల్లలంతా నా వైపు తిరిగారు.

మా నాన్న పెంటప్ప సంఘం ఎన్నికలో వేరే మనిషికి చెయ్యెత్తాడు. అంతే, నర్సప్ప సేఠ్ మమ్మల్ని వెలివేశాడు. పడుగు పనంటే మాటలా? నూలును వీధి పొడవునా చాచి, గంజి పట్టించి, ఆరేలోగా రెండు వైపులా కుంచెలతో దువ్వాలి. ఇవాళ నీకు నేను, రేపు నాకు నువ్వు అని ఇరుగుపొరుగు చేతులు పడితేనే అయ్యే పని. మాకు ఎవరూ రాలేదు. అమ్మా నాన్నా నేనూ ఎంత ఉరికినా పోగులు అతుక్కుపోయేవి. అధ్యక్షుడు పోయాడు గానీ వెలి పోలేదు. ఎత్తేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

మాస్తరు సుద్దముక్క పట్టుకుని నిలబడిపోయాడు. మా పడుగుకు ఆయన కూడా రాలేదు మరి! తర్వాత నల్లా కిందనే రాశాడు: "పెంటప్ప పడుగుకు మనుషుల్ని రానీయలేదు."

"రెండూ ఆయన చేసినయే. రెండూ చదువుండ్రి."

సంగతి తెలిసి మాస్తరు భార్య యమునాబాయి బడికే వచ్చింది. "తుడిపెయ్యుండ్రి, మీకు దండం పెడ్త. నౌకరీ పోతె ఎట్ల?"

"మగ్గం ఉన్నది గద" అన్నాడు. ఆ రాతను తుడపలేదు.

మర్నాడు అంబాదాస్ సేఠ్ ఫొటో పట్టుకుని వచ్చాడు. బోర్డు చదివి మొహం మాడ్చుకున్నాడు. "ఇదేంది మాస్తర్? సచ్చిపోయినాయన్ని బద్నాం చేస్తరా?"

"నల్లా ముందల రాసిన సేఠ్. అది అబద్ధం గాదు. ఇదీ గాదు."

నేను లేచాను. "నేనే చెప్పిన. రేపు పొద్దున మా పడుగున్నది, వచ్చి సూడుండ్రి."

సేఠ్ ఫొటోను బోర్డు పక్కనే తగిలించి వెళ్లిపోయాడు.

పొద్దున నాన్న పడుగు చాచగానే అందరికన్నా ముందు మాస్తరు వచ్చాడు. "నౌకరీ ఎట్లాగూ పోయేదే, చేతులు ఖాళీగనే ఉన్నయ్" అంటూ కుంచె అందుకున్నాడు. నాకు ఏడుపొచ్చేసింది. ఆ వెనకే అంబాదాస్ సేఠ్! కోటు విప్పి అరుగు మీద పడేసి, "బాపు చేసింది తప్పని నాకు ఎరుకనే పెంటప్పా. మొహం మీద చెప్పెటోడే లేకపాయె" అని ఇంకో కుంచె పట్టాడు. సేఠే పట్టాక ఇంక వెలి ఎక్కడిది? తలుపుల చాటునుంచి చూస్తున్న వీధి వీధంతా బిలబిలా దిగొచ్చింది.

సేఠ్‌కు పని రాదు. పోగులు పుటుక్కుమన్నాయి.

"అట్ల గుంజకు సేఠ్, తెగుతయ్! మెల్లగ!" అని మా నాన్న గదమాయించాడు. నాన్న వీధిలో గొంతెత్తి ఎన్నాళ్లయిందో! ఎంత సంబరమనిపించిందో నాకు.

బడికి పోగానే, "మాస్తర్, అంబాదాస్ సేఠ్ పేరు గూడ బోర్డు మీద రాయుండ్రి" అన్నాను.

మాస్తరు నా చెవి పట్టుకున్నాడు గానీ మెలిపెట్టలేదు.

"తొందరేంది బిడ్డా? ఆయన బతికే ఉన్నడు. మంచీ చెడూ రెండిటికీ జాగ ఉంచుదాం."