పిండి ఒకటే

ఆలూరు దగ్గర మా ఊరి చర్చిలో ఒక ఉపదేశిగారు ఉండేవారు. తండ్రియైన దేవుడిలోనూ ఆయన కుమారుడిలోనూ ఉన్న దైవత్వం ఒకటేనా అని మహా పండితులు ఏళ్ల తరబడి కొట్టుకున్నారట. ఈయన ప్రతి ఆదివారం జొన్నరొట్టె విరిచి తేల్చేసేవారు. "ముక్కలు రెండు, పిండి ఒకటే గదప్పా" అని, రహస్యం విప్పిన అలసటకు రెండు ముక్కలూ తామే తినేవారు.

ఆయనదీ మాదీ వేరు కులాలు, వేరు పేటలు. రెండు పేటలకూ బాప్తిస్మం ఇచ్చిన తెల్లదొర మాత్రం ఒక్కడే. ఒక ఆదివారం ఆయన రొట్టె మరిచి వస్తే, మా అవ్వ తన కొంగున కట్టుకున్న రొట్టె తీసి ఇవ్వబోయింది. ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నారు.

"మీ పేట రొట్టె నేనెట్ల ముట్టేదమ్మా?"

"పిండి ఒకటే అంటివి గదయ్యా."

"అది దేవుని సంగతమ్మా. మన సంగతి నేనెప్పుడన్నా చెప్పినానా?"