ఇద్దరి లెన్సు, ఒక టోపీ

ఒక లెన్సుకు ఇద్దరు యజమానులేమిటని మా మామగారు అడిగినప్పుడే నాకు మొదటిసారి ఒళ్ళు మండింది. పొలమైతే గట్టు వేసి పంచుకోవచ్చు, గాజుబిళ్ళను ఎట్లా పంచుకుంటారు అని ఆయన వాదన. ఆయన బందరు వైపు నుంచి సికింద్రాబాదు వచ్చి, మిషన్ బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. భాగహారంలో శేషం మిగిలితే ఆయనకు నిద్ర పట్టదు.

కంటోన్మెంటులో దొరలు సామాను అమ్ముకుని ఓడలెక్కుతున్న కాలం అది. ప్రతి బంగళా ముందూ వేలమే. సోఫాలు, పింగాణీ, చివరికి కుక్కలు కూడా అమ్మేవారు. ఒక వేలంలో ముఖమల్ గుడ్డలో చుట్టిన జర్మన్ లెన్సు బయటపడింది. ఇత్తడి గొట్టం, లోపల నీళ్ళలాంటి గాజు. నేనూ, ఆఫీసులో నా పక్క మేజా మీద పనిచేసే స్నేహితుడూ దాన్ని చూసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇద్దరికీ ఫోటోల పిచ్చి. ఒక్కడి వల్ల అయ్యే బేరం కాదు. అతను సైకిల్ అమ్మేశాడు. నా భార్య చేతి బంగారు గాజులు తాకట్టుకని అడగకుండానే తీసిచ్చింది, ఆ తర్వాత ఏడాది పొడుగునా అవెప్పుడు వస్తాయని అడుగుతూనే ఉంది.

నా స్నేహితుడు ముస్లిం. వాళ్ళ నాన్న వరంగల్ వైపు దర్జీ. ఇంట్లో తెలుగే మాట్లాడతారు. మాదీ బందరు వైపే, నా తెలుగులో ఆ యాస విని నవ్వేవాడు. ఒక వారం లెన్సు వాళ్ళింట్లో, ఒక వారం మా ఇంట్లో ఉండాలని ఒప్పందం. ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి మార్పిడి జరిగేది. తీసుకెళ్ళడానికి వాళ్ళమ్మ ఒక టిఫిన్ క్యారియర్ ఇచ్చింది. పైగిన్నెలో లెన్సు, కిందిగిన్నెలో వేయించిన బియ్యం మూట. ముసురు రోజుల్లో గాజుకు బూజు పట్టకుండా ఆ బియ్యం తేమ పీల్చుకుంటుందని ఆవిడ ఉపాయం. మా ఆవిడ మాత్రం క్యారియర్ గుమ్మంలోకి రాగానే, "మీ రెండో సంబంధం వచ్చింది" అనేది.

ఆ లెన్సు ఏం చేసేదో చెప్పినా అప్పుడు ఎవరూ వినలేదు. పాత లెన్సుతో తీస్తే చెట్టు ఆకులన్నీ గోంగూర పచ్చడిలా కలిసిపోయేవి. దీనితో ఏ ఆకు కాడ ఆ ఆకుకే ఉండేది. మౌలాలి గుట్ట మెట్ల మీద కూర్చున్న ఒక ముసలమ్మను తీస్తే, ఆమె గాజుల్లో బీటవారింది ఏదో తెలిసిపోయింది. ఆ ఫోటో చూపిస్తే మా మామగారు, "దీనికి రంగులు పడవా అల్లుడూ" అని అడిగి పేపరు తిరగేశారు.

ఇక ఆఫీసు సంగతి. మాది సర్కారు ఆఫీసు. మా పెద్దగుమాస్తా ఏ ఎండకు ఆ గొడుగు పట్టే మనిషి. నైజాం రోజుల్లో ఆయనకు టోపీ పిచ్చి ఉండేది. గ్రూప్ ఫోటో అంటే అందరికీ షేర్వాణీ, తల మీద గిన్నె బోర్లించినట్టుండే ఎర్ర రూమీ టోపీ ఉండాల్సిందే. అందులో హిందువులున్నారు, నాలాంటి క్రైస్తవులున్నారు, ఎవరి మతంతోనూ పనిలేదు. పైవాళ్ళ కళ్ళకు బాగుండాలి, అంతే.

ఒక అధికారి బదిలీ మీద వెళ్తుంటే వీడ్కోలు ఫోటో తీయమని నన్ను పురమాయించారు. ఉత్త పుణ్యానికే అనుకోండి. మంచి లెన్సు కొన్నవాడు ఊరందరికీ వెట్టికి దొరికినట్టే. నేను కెమెరా నిలబెట్టి, నల్లగుడ్డ కప్పుకుని చూస్తున్నాను. ముందు వరుస మధ్యలో అధికారి, పక్కనే పెద్దగుమాస్తా. తీరా చూస్తే ఆయన టోపీ లేదు. ఆ పొద్దున ఇంట్లో దాని మీద చాయ్ ఒలికిందట.

"టోపీ లేకుండ ఫోటో ఏంది, చూసెటోళ్ళు ఏమనుకుంటరు" అంటూ ఆయన వరుసలన్నీ వెతికాడు. చివరికి కింద కూర్చున్న నా స్నేహితుడి మీద చూపు ఆగింది. "నీది జెర ఇటియ్యి. నువ్వు ఎన్క కూసో, ఎవ్వలికి కనబడవు."

నా స్నేహితుడు టోపీ తీసిచ్చాడు. వెనక్కి మాత్రం వెళ్ళలేదు, ఉన్నచోటే వట్టి తలతో కూర్చున్నాడు. పెద్దగుమాస్తా తొందరలో టోపీని వెనకది ముందుకు పెట్టుకున్నాడు. ఆ వెనక వైపు ఎలుక కొరికిన చోట వాళ్ళమ్మ రఫూ చేసింది, ఎర్రదారం దొరక్క నీలిదారంతో. ఆ రోజుల గాజుప్లేట్లతో తీస్తే ప్రింటులో ఎరుపు నల్లగా పడేది, నీలం తెల్లగా పడేది. ప్లేటు కడిగి ప్రింటు తీశాను. పెద్దగుమాస్తా నుదుటి పైన నల్లటి టోపీ, దాని నడిమధ్య అడ్డదిడ్డంగా తెల్లటి కుట్లు. లెక్కపెట్టుకోవచ్చు, అంత స్పష్టంగా వచ్చాయి. ఆ ఫోటో మొత్తంలో టోపీ లేని తల ఒక్కటే, మా ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క ముస్లిం గుమాస్తాది. చూసి ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం.

తర్వాత నైజాం మీద పోలీస్ యాక్షన్ వచ్చింది. ఆ రోజుల్లో అందరం తలుపులు వేసుకుని రేడియోకు చెవులు అప్పగించాం. మిలిటరీ లారీలు వీధుల్లోకి వచ్చాయి. కొందరు పండగ చేసుకున్నారు, కొందరు దీపం వెలిగించడానికి కూడా భయపడ్డారు. ఆ వారం లెన్సు నా స్నేహితుడి ఇంట్లో ఉంది.

మా మామగారు కిటికీ సందులోంచి లారీలు చూస్తూ, "ఇక నీ లెన్సు సంగతి మరిచిపో అల్లుడూ. ఆ అబ్బాయి పారిపోతాడో, అమ్ముకుంటాడో. ఈ పరిస్థితిలో ఎవరు తెచ్చిస్తారు" అన్నారు.

నోటిదాకా వచ్చిన జవాబు చెప్పి ఉంటే, ఆయన ఇంట్లో ఉంటున్న నాకు అన్నం పుట్టేది కాదు. వీధి ఇంకా సద్దుమణగని ఆదివారమే తలుపు చప్పుడైంది. తీస్తే నా స్నేహితుడు, చేతిలో టిఫిన్ క్యారియర్. గడ్డం మాసి ఉంది. దారిలో మిలిటరీవాళ్ళు ఆపి గిన్నెలన్నీ విప్పించారట.

"ఇప్పుడు రావాలా?" అన్నాను.

"నీ వారం షురూ అయింది గదా భాయ్," అన్నాడు. "బియ్యం మళ్ళ వేయించమన్నది మా అమ్మ. మెత్తబడ్డయట."

మా మామగారు కుర్చీలోంచి లేచి లోపలికి వెళ్ళిపోయారు. మంచినీళ్ళు ఇమ్మని కూడా ఆయన నోటి నుంచి రాలేదు. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ ఉంది, ఆయనకు ఉండేదో లేదో తెలియదు.

అప్పటినుంచి ఊళ్ళో రూమీ టోపీ కనబడితే ఒట్టు. రాత్రికి రాత్రి తెల్లటోపీలు, అవే గాంధీటోపీలు, మొలిచాయి. మా పెద్దగుమాస్తా అందరికంటే ముందున్నాడు. ఏరు దాటాక తెప్ప తగలేయడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. ఒకరోజు మా ఇంటికొచ్చి, మా ఆవిడ ఇచ్చిన కాఫీ తాగి, గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు.

"ఆ వీడ్కోలు ఫోటో ప్లేటు నీ తాననే ఉన్నది గదా. మా తెలిసినోడు ఒకడున్నడు, బ్లేడుతోని సాఫ్‌గ గీకుతడు. టోపీ తీసేసి జుట్టు దిద్దుతడు. జెర ఇయ్యి."

"ఇవ్వనండి," అన్నాను.

"గిది నీకు సుత మంచిదే. నీ నెత్తి మీద కూడ ఉండెగా టోపీ."

ఆ ఫోటోలో నేను లేను, నేను కెమెరా వెనక ఉన్నాను. అది కూడా ఆయనకు గుర్తులేదు. మా గాజులు తాకట్టు పెట్టి, అతని సైకిల్ అమ్మి కొన్న లెన్సు, ఉన్నది ఉన్నట్టు చూడటం తప్ప ఏ పాపం ఎరగనిది. అది చూసినదాన్ని ఈయన బ్లేడుతో గీకిస్తాడట. ఆ తర్వాత ఇంకో ఇద్దరు గుమాస్తాలు అదే పని మీద వచ్చారు. ఇద్దరినీ గుమ్మం దగ్గరినుంచే పంపించాను.

పెద్దగుమాస్తాకు ఆ తొందర ఎందుకో త్వరలోనే తెలిసింది. పాత సర్కారు మనుషుల మీద విచారణలు మొదలయ్యాయి. ఎవడు ఎవడి మీద ఏం చెప్పినా రాసుకునే రోజులవి. నా స్నేహితుడి మీద పెద్దగుమాస్తా స్వయంగా వాఙ్మూలం ఇచ్చాడు. ఆఫీసులో అందరిచేతా బలవంతంగా టోపీలు పెట్టించింది ఇతనేనట. పెట్టుకోనివాళ్ళను బెదిరించేవాడట. ఉద్యోగం పోతే అతని ఇల్లు గడవదు. తండ్రి కళ్ళు కనబడక కుట్టుపని మానేశాడు, తల్లికి ఇతనే దిక్కు.

ఆ ప్లేటు నుంచి పెద్ద ప్రింటు ఒకటి తీశాను. విచారణకు మదరాసు వైపు నుంచి ఒక అధికారి వచ్చాడు. ఆయన ముందు ప్రింటు పెట్టి అంతా విడమరిచి చెప్పాను. ఇదిగో, వట్టి తలతో కూర్చున్నది అతను. ఇదిగో, అతని టోపీ పెట్టుకున్నది ఫిర్యాదు చేసిన పెద్దమనిషి. ఈ రఫూ వాళ్ళమ్మ చేసింది, ఆఫీసులో ఎవరినడిగినా చెబుతారు. అడిగి మరీ టోపీ తీసుకున్నవాడు బలవంతం ఎట్లా అంటాడు?

అధికారి ప్రింటును కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. భూతద్దం తెప్పించుకుని రఫూ కుట్లు చూశాడు. వెనక గోడ మీది ఇటుకల సందులు చూశాడు. నా గుండె కుదుటపడింది.

"ఇది ఏ లెన్సండీ?" అన్నాడు.

నేను సరిగా వినలేదేమో అనుకున్నాను. ఆయనకూ ఫోటోల సరదా ఉందట. ఇంత నాణ్యమైన పని మదరాసులో కూడా చూడలేదట. ఎక్కడ దొరికింది, గాజు మీద గీతలేమైనా ఉన్నాయా, అమ్మే ఉద్దేశం ఉందా, అన్నీ ఓపిగ్గా అడిగాడు. టోపీ గురించి ఒక్క మాట అడగలేదు. మర్నాడు ఆయన బంట్రోతు మా ఇంటికొచ్చి, దొరగారు లెన్సును ఒకసారి బంగళాకు తెమ్మన్నారని చెప్పాడు. స్నేహితుడి విషయం కూడా అప్పుడే మాట్లాడుకోవచ్చన్నారట.

అర్థం కాకపోవడానికి నేనేం పసివాణ్ణి కాదు. రాత్రంతా పళ్ళు నూరుకున్నాను. తెల్లవారాక మాత్రం, పోతే పోనీ, గాజుబిళ్ళ కంటే మనిషి ముఖ్యం అనుకున్నాను. నా భార్య కూడా, గాజులు పోతే మళ్ళీ చేయించుకోవచ్చులెండి, ఇచ్చేయండి అంది. లెన్సు తీసుకుని స్నేహితుడింటికి వెళ్ళి సంగతి చెప్పాను.

అతను క్యారియర్ మూత తీసి లెన్సు చేతిలోకి తీసుకున్నాడు. గుడ్డతో తుడిచి, వెలుతురుకు పెట్టి చూసి, మళ్ళీ గిన్నెలో పెట్టాడు.

"నీ సగం నువ్వు ఇచ్చుకో భాయ్. నా సగం మాత్రం ఇయ్య."

"పిచ్చిగా మాట్లాడకు. ఉద్యోగం పోతుంది."

"పోనీ. ఆయన చూడాల్సింది ఫోటోల ఉండె. గది చూడనోనికి లెన్సెందుకు?"

ఎంత బతిమాలినా వినలేదు. అతని మీద కూడా నాకు కోపం వచ్చింది. సగం లెన్సు ఎవరికీ ఇవ్వలేం, మా మామగారి భాగహారం అక్కడ నిజమైంది. కొన్నాళ్ళకు ఉత్తర్వు వచ్చింది, నా స్నేహితుణ్ణి ఉద్యోగంలోంచి తీసేశారు. పెద్దగుమాస్తాకు ప్రమోషన్ వచ్చింది. ఆఫీసులో స్వీట్లు పంచితే నా వంతు పొట్లాన్ని ఆయన మేజా మీదే పెట్టేసి వచ్చాను. నా చేతనైంది అంతే. అది తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

అతను బోయిన్‌పల్లిలో రోడ్డు పక్కన ఒక గది కిరాయికి తీసుకుని స్టూడియో పెట్టాడు. నా సగం కూడా అక్కడే ఉంచమన్నాను. వారాల వంతులు పోయాయి. ఆదివారం చర్చి అయ్యాక నేనే అక్కడికి వెళ్ళి ప్లేట్లు కడిగేవాణ్ణి. గోడకు మేకులు కొట్టి, ఫోటోకు వచ్చేవాళ్ళ కోసం ఒక కోటు, రెండు టైలు, ఒక తెల్లటోపీ తగిలించాడు.

ఒక ఆదివారం మా పెద్దగుమాస్తా లోపలికొచ్చాడు. కొత్త హోదాకు గోడ మీద పెట్టుకునే ఫోటో కావాలట. ఊళ్ళో ఇంత శుభ్రంగా తీసే స్టూడియో లేదని ఎవరో చెప్పారట. సిగ్గు లేకుండా కుర్చీలో కూర్చుని, తల తడుముకుని, టోపీ రిక్షాలో మరిచిపోయానన్నాడు. నేను ఏదో అనబోయాను. నా స్నేహితుడు నన్ను కళ్ళతోనే ఆపి, మేకుకున్న తెల్లటోపీ తీసి ఆయన చేతికిచ్చాడు.

ఆయన దాన్ని వెంటనే పెట్టుకోలేదు. చేతుల్లో ఒక చుట్టు తిప్పాడు. ముందు వైపు చూశాడు, వెనక వైపు చూశాడు, లోపలికి వేలు పెట్టి కుట్టు వెంట నెమ్మదిగా తడిమాడు. ఎక్కడా రఫూ లేదని తేలాక తల మీద పెట్టుకున్నాడు.

అప్పటిదాకా ఆ ఎర్రటోపీ సంగతి ఆయన మరిచిపోయాడేమోనని ఎక్కడో చిన్న అనుమానం ఉండేది నాకు. నా స్నేహితుడు కూడా అంతా చూశాడు. నల్లగుడ్డ కప్పుకుని కెమెరా వెనక వంగాడు.

"కదలకుండ్రి సార్," అన్నాడు.