జ్యోతక్క బటన్

ప్రేమజ్యోతిది జమ్మలమడుగు దగ్గర పల్లె. బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, కడపలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో చేరింది. సగం చేసిన పని చేయనట్టే లెక్క అని చిన్నప్పటి నుంచి వాళ్ల నాన్న ఏసన్న చెబుతూ పెంచాడు. ఆ మాట ఆమె కూడా కొత్తగా చేరినవాళ్లకు చెప్పేది.

ల్యాబు రిపోర్టులన్నీ పాత సర్వర్‌లో ఉండేవి. కంప్యూటర్లో టెర్మినల్ సాఫ్ట్‌వేర్ తెరిస్తే నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు వచ్చేవి. మౌస్ అక్కడ దండగ. మూత్రపరీక్ష రిపోర్టులో ప్రతి గడిలోనూ ‘నార్మల్’ అని కొట్టి, ఎంటర్ నొక్కి, కిందికి దిగేసరికి వేళ్లు పడిపోయేవి.

కూతురు మహిమ పుట్టాక సాయంత్రం అయ్యేసరికి పిల్ల దగ్గరికి పోవాలనే ఆరాటం ఎక్కువైంది. ఒకరోజు ఆ సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో కీబోర్డ్ మ్యాపింగ్ తెరిచి, అంకెల పక్కనుండే ప్లస్ మీటకు కొత్త పని అప్పగించింది. అది నొక్కితే గడులన్నీ ‘నార్మల్’తో నిండి, రిపోర్టు సేవ్ అయి, తర్వాతి పేరు వస్తుంది. ల్యాబంతా దాన్ని జ్యోతక్క బటన్ అని మెచ్చుకుంది.

వేలు రవ్వంత ఎక్కువసేపు ఆనితే కింది పేరుకు కూడా నార్మల్ పడిపోతుందని ఆమెకు తెలుసు. తనకు అలా అయితే వెనక్కిపోయి దిద్దుకునేది. చెబితే మీట తీసేయమంటారని ఎవరికీ చెప్పలేదు.

ఈ ఎండాకాలం మహిమకు జ్వరం తగ్గకపోతే సెలవు పెట్టి అదే ఆసుపత్రికి తీసుకొచ్చింది. డాక్టరు మూత్రపరీక్ష రాశాడు. కాసేపటికి ల్యాబు టెక్నీషియన్ ఫిరోజ్ ప్రింటర్లో వచ్చిన కాగితం తెచ్చిచ్చాడు.

“అంతా నార్మలేక్కా. నువ్వు ఊరికే భయపడతాండావు.”

“మైక్రోస్కోపు కింద పెట్టి చూసినావా?”

“ఇంకా ల్యా. ఇప్పుడు చూద్దామనుకుంటాండా...” అని ఆగిపోయాడు. “మరి రిపోర్టు ఎట్లొచ్చింది?”

ఇద్దరూ తెర దగ్గరికి పోయారు. ఫిరోజ్ అంతకుముందే చూసిన పెద్దాయన పేరుకు నార్మల్. దాని కింద మహిమకు, మహిమ కింద ఇంకో పిల్లవాడికి కూడా నార్మల్. మూడూ ఒకే నిమిషంలో సేవ్ అయినవే.

“నా చెయ్యి ఒత్తుకునిండాదేమో. నీ బటనే గదక్కా, నీకన్నా దానికే తొందరెక్కువ,” అని ఫిరోజ్ నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు.

స్లైడు ఆమే పెట్టి చూసింది. నిండా చీము కణాలు. ఇన్ఫెక్షనే, మందులతో తగ్గుతుందిలే అన్నాడు డాక్టరు. మహిమను భుజాన వేసుకుని ఆమె బయటి బెంచీల వైపు పరుగెత్తింది. ఆ పిల్లవాడి తల్లి రత్నమణి అప్పటికే సంచి సర్దుకుంటోంది.

“ఆ కాగితం తప్పమ్మా. మీ పిల్లోనికి పరీక్షే చెయ్యల్యా. మళ్లా చూస్తాము, కూర్చో.”

“తప్పా? పులివెందుల బస్సు పోతాది మేడమ్.”

“పోతే ఇంకోటి ఉంటాది. కూర్చోమ్మా.”

రత్నమణి చెయ్యి చాచి మహిమ నుదురు తాకింది. “కాలిపోతాండాది గదమ్మా! సొంతబిడ్డ ఇట్లుంటే, మా వానికోసం పరిగెత్తుకోనొచ్చినావా? నీ బిడ్డను దేవుడు సల్లగా సూడాల.”

ఆ తప్పు నాదేనమ్మా అనబోయింది ప్రేమజ్యోతి. తల వంచుకుని లోపలికి వచ్చేసింది.

పిల్లవాడి స్లైడులో ఏమీ లేదు. నిజంగానే నార్మల్. ముందు మ్యాపింగ్ తెరిచి, ప్లస్ మీటను మళ్లీ ఉత్త ప్లస్‌గా మార్చింది.

“తీసేసినావా? ఇంక సాయంత్రానికి ఇండ్లు చేరినట్టే,” అన్నాడు ఫిరోజ్.

ఆమె కీబోర్డు ముందు కూర్చుంది. నిద్రపోతున్న బిడ్డను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో పిల్లవాడి రిపోర్టులో ప్రతి గడినీ అక్షరం అక్షరం కొట్టి నింపింది. తర్వాత పాత పేర్లను పైకి జరుపుతూ పోయింది. వరసగా అన్నీ నార్మలే. వాటిలో కంటితో చూసినవి ఏవో, వేలితో నొక్కినవి ఏవో ఇప్పుడు ఆమెకే తెలియలేదు.