చివరి బొమ్మ పైకొచ్చింది

ముందే చెబుతున్నా, నవ్వినవాళ్లకు చాయ్ బంద్! ఇది నా చెవులతో విన్నది. నా కుంచెల మీద ఒట్టు. దయ్యాల కథలు చెప్పేవాళ్లను ఆటపట్టించేదాన్ని నేనే కదా... ఇప్పుడు నా వంతు వచ్చింది. చూడండి, తలచుకుంటేనే చేతి మీద వెంట్రుకలు ఎలా లేచాయో!

బోధన్‌లో మా ఇల్లు మీకు తెలిసిందే. ముందు వసారా, వెనక నేను పటాలు గీసే గది. పటమంటే గోడకు తగిలించే దేవుడి ఫొటో కాదు. ముప్పై అడుగుల గుడ్డ మీద వరసగా బొమ్మలు. కథ చెప్పేవాళ్లు ఒక్కో బొమ్మనూ కట్టెతో చూపిస్తూ, పాడుతూ, అయిపోయిన బొమ్మను చుట్టేస్తూ పోతారు. మొదట్లో చుట్ట మీద గణపతి కనిపిస్తాడు. కథ అయ్యేసరికి గణపతి లోపలికి పోయి, చివరి బొమ్మ మంగళహారతి పైకొస్తుంది.

రెంజల్ దగ్గరి పల్లె నుంచి సాయిలు తాత నాతో కొత్త పటం గీయించుకున్నాడు. తరతరాలుగా కథ చెప్పే ఇల్లు వాళ్లది. కొత్తది తయారయ్యాక పాతదాన్ని కందకుర్తి దగ్గర గంగలో, అంటే గోదావరిలో, విడవాలి. విడిచే ముందు దాని కథ దానికి ఒకసారి మొత్తం వినిపించాలి. అది వాళ్ల కట్టుబాటు. కానీ తాతకు గొంతు ఆపరేషన్ అయింది. గుసగుస తప్ప మాట రాదు. కొడుకుకేమో కథ రాదు.

కొత్త పటం తీసుకుపోవడానికి వచ్చిన సాయంత్రం తాత వసారాలో కూర్చుని ఒకటే ఏడుపు.

"నలభై ఏండ్లు మాకు బువ్వ వెట్టింది బిడ్డా. కథ ఇనిపియ్యకుంట గంగల ఎట్ల ఇడుస్త? డప్పు లేకుంట పీనుగను తీస్కపోయినట్టు గాదా?"

"పొద్దుగాల సూద్దాం తీ తాతా. పండుకో" అన్నాను.

తాత వసారాలో మంచం మీద పడుకున్నాడు. నేను కొత్త పటం పక్కన, నమూనాకిచ్చిన పాతది విప్పి, రంగులు చివరిసారి సరిచూసుకున్నాను. మళ్లీ చుట్టి, ఎర్రగుడ్డతో ముడి వేసి, గదికి తాళం పెట్టాను. తాళంచెవి నా తలగడ కింద.

నడిరాత్రి మెలకువ వచ్చింది. రోడ్డు మీద చెరకు ట్రాక్టర్ పోయింది. ఆ చప్పుడు సద్దుమణిగాక...

పాట.

ఎవరి ఫోనో అనుకున్నాను. కాదు. మగ గొంతు... నిండుగా ఉంది. ఆగినప్పుడల్లా... సర్ర్ర్... గంజి పెట్టిన గుడ్డ చుట్టుకునే చప్పుడు. తర్వాత... టక్. కట్టె బొమ్మకు తగిలే చప్పుడు. మళ్లీ పాట. సర్ర్ర్... టక్.

తాతకు గొంతు వచ్చేసింది! సంతోషం పట్టలేక ఒక్క ఉరుకున వసారాలోకి వచ్చాను.

తాత మంచం మీదే ఉన్నాడు. గురక పెడుతున్నాడు.

గదికి వేసిన తాళం వేసినట్టే ఉంది. పాట లోపలి నుంచి వస్తోంది...

మెల్లగా వెళ్లి తలుపుకు చెవి ఆనించాను. భయమే, కాదనను. కానీ నిజం చెప్పొద్దూ, అంత కమ్మటి పాట నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. పారిపోవాలనీ ఉంది, ఉండిపోవాలనీ ఉంది. మోచెయ్యి తగిలి తాళం కదిలింది. పాట ఆగింది. సర్ర్ర్ లేదు. టక్ లేదు. తలుపుకు అవతల... సరిగ్గా నా చెవి దగ్గర... ఎవరో గొంతు సవరించుకున్నారు.

అంతే! ఎలా ఉరికానో తెలియదు. తెల్లారేదాకా ముసుగు తీస్తే ఒట్టు.

పొద్దున తాతను వెంటబెట్టుకునే తాళం తీశాను. పటం పెట్టినచోటే ఉంది. వేసిన ముడి వేసినట్టే ఉంది. విప్పితే... పైన గణపతి లేడు. మంగళహారతి!

తాత ఆ బొమ్మను తడిమాడు. "ఎవలు సెప్పిండ్రు బిడ్డా?"

విన్నదంతా చెప్పాను. పాట మధ్యలో ఆగిన సంగతీ, నేను పారిపోయిన సంగతీ మాత్రం మింగేశాను.

"ఆఖరుదాంక సెప్పిండ్రా?"

నాకేం తెలుసు? సాయంత్రం ఆ పటం చుట్టింది నేను. పనిధ్యాసలో ఎటు నుంచి చుట్టానో గుర్తు లేదు. గణపతి వైపు నుంచి చుట్టి ఉంటే మంగళహారతి పైకి రావడం నా చేతి పనే. ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.

"సెప్పిండ్రు తాతా" అన్నాను.

ఆ ముఖం వెలిగిపోయింది. కందకుర్తిలో మోకాలి లోతు నీళ్లలో నిలబడి, నవ్వుతూ పటం విడిచాడు. నేను ఒడ్డునే ఉండిపోయాను. నా అలికిడికి ఆగిన ఆ పాట మళ్లీ మొదలైందా... లేదా? ఇవాళ్టికీ నాకు తెలియదు.